పొగగొట్టానికి హారతి

సింహాచలం దర్శనం చేసుకుని కూర్మన్నపాలెంలో మా బంధువుల ఇంటికి వెళ్తున్నాను. స్టీల్ ప్లాంటు అమ్మొద్దంటూ కార్మికులు వేసిన దీక్షా శిబిరం దగ్గర ఆటో ఆగిపోయింది. గుండెలకు రేకు వాయిద్యాలు కట్టుకుని తప్పెటగుళ్ల బృందం ఎగిరెగిరి ఆడుతూ అమ్మవారి పాట పాడుతోంది. నేను మా ఊళ్లో భాగవత సప్తాహాలు నడిపేవాణ్ణి. భక్తి పాట వినగానే దిగి చేతులు జోడించాను.

రెండో చరణంలో అమ్మవారి పేరు ఉండాల్సిన చోట బ్లాస్ట్ ఫర్నేస్ అని వచ్చింది. పాట అయ్యాక అందరూ దూరంగా కనిపిస్తున్న ప్లాంటు పొగగొట్టం వైపు తిరిగి కర్పూరం వెలిగించారు.

"ధర్నా చేసుకోండి, కాదనను. దానికి దేవుడి పాట వాడుకుంటారా?" అన్నాను, హారతి ఇచ్చిన పెద్దాయనతో.

"వాడుకోడమేటి బాబూ? మా ఊరు అక్కడే ఉండేది. ప్లాంటు కోసం పొలాలతో పాటు అమ్మోరి గుడి జాగా కూడా ఇచ్చేసినాం. ఇప్పుడు ఎవడికో అమ్మేత్తామంటే అమ్మోరు ఎవడి సేతికి పోద్ది?"

"అయితే అమ్మవారు ఆ గొట్టంలో ఉందంటావా?" వెటకారంగానే అడిగాను.

ఆయన నా నుదుటి మీది గంధం చూసి నవ్వాడు. "కొండ దిగి వత్తన్నారు గదా. సామి కంబంలోంచి వచ్చినాడంటే నమ్ముతారు. అమ్మోరు గొట్టంలో ఉందంటే నమ్మరేటి?"

ఎన్నో సభల్లో ప్రహ్లాద చరిత్ర చెప్పినవాణ్ణి. స్తంభం చూపించి "ఇందులో ఉన్నాడా" అని అడిగేది హిరణ్యకశిపుడు. ఆ రోజు ఆ ప్రశ్న నేను అడిగాను.