చేప తిరగేసేదాకా పాట

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని మా ఊళ్లో వెల్మా అత్త వారమంతా పత్తి ఏరేది. శనివారం మధ్యాహ్నం మాత్రం వాకిట్లో గిటారు పట్టుకుని బ్లూస్ అనే మా నల్లవాళ్ల కష్టాల పాటలు పాడేది. పక్కనే ఆమె భర్త ఆర్డెల్ మామ మొక్కజొన్న పిండి అద్దిన చేపలు వేయించేవాడు. ఒక వైపు వేగి, మామ చేపను తిరగేయగానే అత్త పాట ముగించేది. ఇరవై ఏళ్లుగా అదే ఆమె గడియారం.

జాక్సన్ పట్నంలో పాటలు రికార్డు చేసే ఆయన పిలిస్తే, వాళ్లతో నేనూ వెళ్లాను. అక్కడ పొయ్యి లేదు. ఎక్కడ ఆపాలో తెలియక అత్త పాడుతూనే ఉంది. పాటను ఎక్కించే మైనపు పలకలు రెండు, పాట ముగియకముందే నిండిపోయి పాడయ్యాయి.

"మూడు నిమిషాలేనమ్మా! ఇదే ఆఖరి పలక. ఇదీ పోతే ఇక ఇంటికే," అన్నాడాయన.

అత్త ముఖం వాడిపోయింది. "ఏమయ్యా, అలా నిలబడి చూస్తావేం?" అని మామను కసిరింది.

"చేప లేకుండా నేనేం చెయ్యనే?"

"చేప లేకపోతే చెయ్యి కూడా లేదా?"

మామ టోపీ తీసి పెనంలా పట్టుకున్నాడు. అత్త మళ్లీ పాట ఎత్తుకుంది. నూనె చిట్లినట్టు ఒకసారి వెనక్కి కూడా జరిగాడు. నేను నోరు గట్టిగా మూసుకుని నవ్వు ఆపుకున్నాను. కాసేపటికి మామ చప్పుడు లేకుండా చెయ్యి తిప్పాడు. అత్త చివరి తీగ మీటింది. పలక మీద ఇంకా వేలెడు చోటు మిగిలింది.

ఆ రికార్డు ఎక్కువమంది కొనలేదు. మా ఊళ్లో మాత్రం అది పెట్టుకునే చేపలు వేయిస్తాం. పాట అవగానే తిరగేస్తాం. ఇంతవరకు ఒక్కటీ మాడలేదు.