గోడ మీది పిల్లులకు బొట్టు

“పులిహోర పిన్ని కాళ్ళు పట్టుకోమనట్లేదు అత్తయ్యా. ఒక్కసారి వెళ్ళి బొట్టు పెట్టి పిలవండి. రేపే ఓటింగ్.”

“పెట్టను. మనింటి మనిషికి పిలుపేంటి? పిలిస్తే పరాయిదాన్ని చేసినట్టు.”

“పిలవకే కదా ఆవిడ పరాయిదైంది.”

నేనూ కోడలూ వంటింట్లో చెరోవైపు నిలబడి ఇలా వాదించుకున్న ఆ రోజుల్లో, వయసుకి పెద్దదాన్నే గానీ ఆస్ట్రేలియాకి పసిదాన్ని. క్లైడ్ నార్త్‌కి వచ్చి ఏడాది తిరగలేదు, అప్పుడే కోడలు ఇక్కడి తెలుగు సంఘానికి ప్రెసిడెంటుగా పోటీకి దిగింది. మనోళ్ళు ఎటూ మనకే వేస్తారు, గోడ మీది పిల్లుల్నే పట్టాలి అన్నాడు మావాడు. అందుకని రంగు కాగితాలు అచ్చేయించబోతే, దండగని ఆపించి నేనే కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరాను. (నా చదువు మూడో తరగతే. పేరంటానికి పిలవడంలో మాత్రం డిగ్రీదాన్నే.) కొత్తగా వచ్చిన నర్సు పిల్లలూ, ఐటీ కోడళ్ళూ బొట్టు పెట్టగానే కరిగిపోయి, ష్యూర్ ఆంటీ, తప్పకుండా వస్తాం అన్నారు.

చిక్కల్లా పులిహోర పిన్నితో వచ్చింది. సంఘంలో ఏ పండగకైనా గంగాళం పులిహోర కలిపేది ఆవిడే. మా కోడల్ని పోటీకి నిలబెట్టిందీ ఆవిడే. ఆవిడ మాట మీద నడిచే జట్టు చాలా పెద్దది. నేను ఆవిడ గేటు ముందునుంచే నడిచి వెళ్ళి పక్కింటావిడకి బొట్టు పెట్టొచ్చాను. కిటికీలోంచి చూసిందట. సాయంత్రానికల్లా, రేపు మేమెవ్వరం రావట్లేదని కబురు. ఆ జట్టు రాకపోతే కోడలు ఓడినట్టే.

పిలవనంటే పిలవను. భరిణె ఇంట్లోనే వదిలి ఆవిడింటికి నడిచాను. సరాసరి వంటింట్లోకి పోయి స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“నన్ను లెక్కలోంచి తీసేశాక మళ్ళీ ఎందుకొచ్చారు అక్కయ్యా?” అంది. “మీ కోడలి కోసం అందరితో మాటలు పడ్డాను. నిన్నగాక మొన్నొచ్చినవాళ్ళకి బొట్టూ, నాకేమో గేటు బయటినుంచి మీ వీపూనా?”

“నన్నెవరు పిలిచారని వచ్చాను? పిలుపు లేకుండా వచ్చేదే మనిల్లు. కాదంటే పొమ్మను. కాఫీ ఇచ్చాకే సుమా.”

పొమ్మనలేదు. కాఫీ ఇచ్చింది. అందులో పంచదార వెయ్యలేదు. (కావాలనే. పారబొయ్యడం దండగని తాగేశాను.) వస్తానని గానీ, రానని గానీ అనలేదు.

చిటికెడు కుంకుమతో తేలిపోయేదానికి అంత పౌరుషమా అని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అయినా మళ్ళీ ఎన్నికలొస్తే మళ్ళీ అంతే చేస్తాను.

మర్నాడు పొద్దున్నే వాన. బొట్టు పెట్టించుకున్నవాళ్ళలో చాలామంది పత్తా లేరు. పిన్ని జట్టు మాత్రం హాలు తలుపులు తియ్యకముందే వరసలో నిలబడింది. వెళ్ళి పక్కన నిలబడ్డాను. పిన్ని మొహం అటు తిప్పుకుని, గొడుగు ఇటు జరిపింది.