నల్లమలలో బావకు తగిలిన ఎండ

మా బావకు ఆబిడ్స్‌లో బట్టల దుకాణం ఉంది. రోజంతా గల్లా దగ్గర కూర్చునే మనిషి, పక్క దుకాణాల మిత్రులిద్దరు నల్లమలకు పోదామనగానే సై అన్నాడు. అక్కా నేనూ తోడయ్యాం. నేను బషీర్‌బాగ్‌లో ఒక బడిలో పంతులమ్మను. పిల్లల్ని క్యాంపులకు తీసుకెళ్తాను కనుక మాకు ప్రథమ చికిత్స నేర్పించారు. నాంపల్లిలో మా ఇంటి ముందు కారు ఆపి, నా సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు చూసి బావ పగలబడి నవ్వాడు.

"దవాఖాన మొత్తం ఎత్తుకొస్తున్నవా ఏంది?"

దారిలో టిఫిన్ అని ఒకచోట, చాయ్ అని ఇంకోచోట ఆగారు. గుట్ట ఎక్కడం మొదలుపెట్టేసరికి ఎండ ముదిరిపోయింది. చల్లబడ్డాక ఎక్కుదామన్న నా మాట ఎవరూ పట్టించుకోలేదు.

సగం దూరంలో బావ వెనకబడ్డాడు. తల పగిలిపోతోందన్నాడు, ఆ వెంటనే వాంతి చేసుకున్నాడు.

"బావా, నీడకు కూసోండ్రి. ఇది ఎండ ప్రభావం. జర చల్లబడ్డంక కిందికి పోదాం."

"పొద్దున తిన్న పూరీ పడలే, గంతే. గీడిదాకా వచ్చి మర్లిపోతమా?"

మిత్రులు ఆయనకే వంత పాడారు. ఓఆర్ఎస్ రెండు గుక్కలు తాగి, ముఖం వికారంగా పెట్టి లేచాడు. అక్క ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, చివరికి ఆయన వెంటే కదిలింది. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆయన వెనకే నడిచాను.

కాసేపటికి బావ ఉన్నట్టుండి గొంతు పెంచాడు. "షట్టర్ ఎవడు దించిండు?"

మిత్రులు నవ్వారు. నేను బావ మెడ మీద చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది. అడుగులు తడబడుతున్నాయి.

"బావా, మనం యాడ ఉన్నం?"

"దుకాణంల. గిరాకీ ఉన్నది, జరుగు."

ఆ తర్వాత పైకి పోదామని ఎవరూ అనలేదు. బండ నీడకు చేర్చి చొక్కా, బూట్లు విప్పాం. ఒక మిత్రుడు సీసా నోటికి పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాను.

"నీళ్లు గూడ తాపొద్దంటవా?" అని నా మీద లేచాడు.

"సోయిల లేడన్నా, గొంతుకు అడ్డం పడ్తది. మీద పొయ్యుండ్రి, నోట్ల కాదు!"

ఉన్న నీళ్లన్నీ ఆయన ఒంటి మీదే గుమ్మరించాం. అక్క ఏడుస్తూనే చున్నీతో విసిరింది. రెండో మిత్రుడు గుట్ట కింది ఊరికి పరుగెత్తి మనుషుల్ని, బిందెలతో నీళ్లను తెచ్చాడు. ఊరివాళ్ల దుప్పట్లో మోసుకుంటూ, తడుపుకుంటూ రోడ్డు దాకా దించాం. వడదెబ్బ అని దవాఖానలో డాక్టరు చెప్పాడు. ముందే చల్లబరచడం వల్ల గండం గడిచిందన్నాడు.

బావ కోలుకుని దుకాణం తెరిచాక, మొజంజాహీ మార్కెట్‌లో పండ్లు కొనుక్కుని చూడటానికి వెళ్లాను. బట్టలు కొనడానికొచ్చిన గిరాకీలతో చెబుతున్నాడు: "వాంతైతే జర నీరసపడ్డ. వీళ్లే ఆగమాగం చేసిన్రు."

నాకంటే ముందు, గల్లా దగ్గర కూర్చున్న అక్క అందుకుంది. "ఇంకోసారి చెల్లె యాడ ఆగమంటే గాడనే ఆగాలె. లేకుంటే గడప దాటనియ్య."

"ఔ, ఔ" అన్నాడు బావ, తలెత్తకుండా గుడ్డ కొలుస్తూనే.

ఆ ఔ నాకు ఏమాత్రం నమ్మకం కలిగించలేదు. పండ్లు అక్క చేతిలో పెట్టి, మండుతున్న మనసుతో నాంపల్లి వైపు నడిచాను.