గుహలో అత్తమ్మ ఎవరికి బదులు పాడింది?

ముందే చెప్తున్నాను, నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. ముంబై కామాటిపురలో పుట్టాను, కామాటిపురలోనే కోడలినయ్యాను. రాత్రంతా జనం తిరిగే గల్లీలు మావి. చిక్కటి చీకటి ఎలా ఉంటుందో కూడా మాకు సరిగ్గా తెలియదు. ఇది కల్పించి చెప్పేంత తెలివి నాకు లేదు. నా బిడ్డ మీద ఒట్టు... జరిగింది జరిగినట్టే చెప్తున్నాను. మధ్యలో నవ్వకండి. నవ్వాలనిపిస్తే ఆఖర్న నవ్వుకోండి.

మా అత్తమ్మ పేరు చెన్నమ్మ. చిన్నపిల్లగా ఉన్నప్పుడే మహబూబ్‌నగర్ జిల్లా నుంచి తండ్రి వెంట ఇటు వచ్చింది. ఆయన రాళ్లు కొట్టేవాడు. పని ఎక్కడుంటే అక్కడే గుడారం. పెళ్లయ్యాకే ఆమెకు ఈ చాల్‌లో, అంటే వరస గదుల పాత మేడలో, ఒక గది, ఒక గుమ్మం ఏర్పడ్డాయి. మంచి గొంతున్న మనిషి. కింద ఫోరస్ రోడ్డు మీద కూరగాయల బండి ఆగితే, పైన గదుల ముందున్న గ్యాలరీలో నిలబడే బేరం తేల్చేసేది.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత కోలుకున్నాయి. మాట మాత్రం పోయింది. ఒక్కటంటే ఒక్క మాట మిగిలింది... "అదే."

ఆకలైనా అదే. నొప్పయినా అదే. మనవరాలిని పిలవాలన్నా అదే. చెప్పాలనుకున్నది లోపల కొట్టుకుంటోందని ఆమె కళ్లు చూస్తే తెలిసేది. "అదే... అదే..." అని, రాక, ఏడ్చేది. కొన్నాళ్లకు ఏడవడం కూడా మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. ముద్ద నోట్లో పెడితే అలాగే ఉంచుకునేది. మనిషి మెల్లమెల్లగా మా చేతుల్లోంచి జారిపోతోందని నాకు భయం పట్టుకుంది.

ఆసుపత్రిలో మాట నేర్పే మేడమ్ ఉంది. "గదిలో కట్టేసినట్టు ఉంచకండి. ఆమెకు ఇష్టమైన చోటికి తీసుకెళ్లండి" అంది.

ఆ రాత్రి మా ఆయన బాల్రాజ్ అడిగాడు. ఆయన వైరింగ్ పనులు చేస్తాడు.

"ఇగో లలితా, అమ్మ ఎప్పుడు ఒక గుహ ముచ్చట చెప్పేది... యాదికున్నదా?"

గుర్తుంది. ఘాట్ దాటాక ఒక ఊరి పక్కన ఆమె తండ్రి రోడ్డు పనికి రాళ్లు కొట్టాడట. పనిలేని రోజున కూతుర్ని భుజం మీద ఎక్కించుకుని, కొండమీది పాతకాలపు గుహలు చూపించేవాడట. గోడల మీద ఉలి గీతలుంటే వాటిమీద ఆమె వేలు పెట్టించి, "ఇది మనసొంటోళ్లు కొట్టిందే బిడ్డా" అనేవాడట. ఎన్నోసార్లు చెప్పింది. తీసుకెళ్లమని ఎన్నోసార్లు అడిగింది కూడా. మాకే తీరలేదు.

గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర సంతోష్ భావూ అని మా ఆయన దోస్తు ఉన్నాడు. మరాఠీ మనిషి, సొంత కారు నడుపుతాడు. ఆదివారం పొద్దున్నే కారు మా చాల్ ముందు పెట్టాడు. పాపను మా అమ్మ దగ్గర వదిలాం. అత్తమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి బయల్దేరాం.

ఘాట్ ఎక్కుతుంటే అద్దం దించమని చెయ్యి ఊపింది. వానలు అప్పుడే తగ్గాయి. కొండలన్నీ పచ్చగా ఉన్నాయి. చల్లగాలి కొడుతుంటే ఆమె కళ్లు మూసుకుంది. దారిలో ఒక ఊరి మొదట్లో పాతకాలపు వీరగల్లులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. యుద్ధంలో పోయినవాళ్ల రాళ్లు. అక్కడ ఆగాం. అత్తమ్మ ఒక రాతిమీద గుర్రం బొమ్మను వేలితో తడిమి, నా వైపు చూసి "అదే!" అంది. చాలా రోజుల తర్వాత ఆ మాటలో సంతోషం విన్నాను.

గుహల కిందున్న ఊరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సంతోష్ భావూకు తెలిసిన ఒక మరాఠీ ఆమె తన ఇంట్లోనే మాకు వంట చేసింది. వేడివేడి జొన్నరొట్టె భాకరీ, శనగపిండి పిఠ్లా, పచ్చి ఉల్లిపాయ. పొయ్యి పక్కనే కూర్చోబెట్టింది. అత్తమ్మ భాకరీ మొత్తం తినేసింది. మా ఆయన తల తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను.

పైకి మెట్లు చాలా ఉన్నాయి. అత్తమ్మకు అవి ఎక్కడం చేతకాదు. ఆ ఇంటామె ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చింది. అత్తమ్మను అందులో కూర్చోబెట్టి మా ఆయనా సంతోష్ భావూ చెరోపక్క పట్టుకుని మోశారు. పదడుగులు నడవడం, దించడం, ఊపిరి పీల్చుకోవడం. అలా పైకి వెళ్లేసరికి సూర్యుడు కొండ అంచుకు దిగిపోయాడు. మెట్ల మలుపు దగ్గర కాపలా ఆయన రేకుల గుడిసె ఉంది. "త్వరగా చూసి దిగండి, పైన ఇంకెవరూ లేరు" అన్నాడు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. పైన ఇంకెవరూ లేరు.

పెద్ద గుహ... ఏం చెప్పను. కొండ కడుపులో ఒక ఇల్లు. రెండు వరసల స్తంభాలు, చివర రాతి స్తూపం. మేం మాట్లాడితే మా మాట పైకి వెళ్లి గుండ్రంగా తిరిగి వస్తోంది. అత్తమ్మ అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. మంచి చేత్తో బయటికి, పక్కకు చూపించింది. "అదే. అదే." పక్కన చిన్న చిన్న గదులున్నాయి. అన్నీ దాటించింది. చివరిది సగంలో వదిలేసిన గది. వెనక గోడ చదును కాలేదు. గోడ నిండా ఉలి గీతలు. ఆమె కుర్చీలోంచి వంగి ఆ గోడకు అరచెయ్యి ఆనించింది. ఇక అక్కణ్నుంచి కదల్లేదు.

వెళ్దామని కుర్చీ ఎత్తబోతే వెనక కాలు టప్‌మని చిట్లింది. దానిమీద ఆ మెట్లు దింపడం కుదరదు.

"కట్టెలు, తాడు ఏమన్న దొరుకుతయేమో కాపలాయన్ని అడుగుతం. డోలీ లెక్క కట్టి దింపుదం. మీరు గీడనే ఉండున్రి, గిట్ల పోయి గట్లొస్తం" అన్నాడు మా ఆయన. అత్తమ్మను గోడ పక్కన రాతి అరుగు మీద కూర్చోబెట్టి ఇద్దరూ దిగిపోయారు.

పొద్దున్నుంచి ఫొటోలు తీసీ తీసీ నా ఫోన్ చచ్చిపోయింది. వెలుతురు చూస్తుండగానే పోయింది. ముంబైలో చీకటి పడితే దీపాలు వెలుగుతాయి. అక్కడ చీకటి పడితే... చీకటే. గబ్బిలాలు బయటికి వెళ్లాయి. ఆ తర్వాత అన్నీ ఆగిపోయాయి. ఎక్కడో నీటి చుక్క పడుతోంది. నేను అత్తమ్మ చేతిమీద చెయ్యి వేశాను. ఆమె చెయ్యి ఇంకా గోడమీదే ఉంది.

అప్పుడు వినబడింది.

టక్.

నీటి చుక్కే అనుకున్నాను.

టక్... టక్.

నీటి చుక్క కాదు. అది మెత్తగా పడుతుంది. ఇది గట్టిగా ఉంది. ఇనుము రాతికి తగిలిన చప్పుడు. కొంచెం ఆగి... మళ్లీ. టక్... టక్. ఎవరో ఊపిరి తీసుకుని కొడుతున్నట్టు. నా అరచేతి కింద అత్తమ్మ చెయ్యి, ఆమె చేతి కింద గోడ. ఒక్కో దెబ్బకు ఆ గోడ సన్నగా అదిరింది. నా మణికట్టు మీద ఏదో పొడి రాలింది.

అరుద్దామనుకున్నాను. నోరు పెగల్లేదు.

ఆపైన... గొంతు.

ఎక్కణ్నుంచి వచ్చిందో నేను చెప్పలేను. గోడలోంచి అంటే గోడలోంచి, నా వెనకనుంచి అంటే నా వెనకనుంచి. సన్నగా, దూరంగా, పనిలో ఉన్నవాళ్లు తీసే రాగం. అదీ తెలుగులో! మరాఠీ కొండమీద... మా పాలమూరు తెలుగులో.

"ఎవలిదిరో... యీ ఇల్లూ..."

ఆ రాగం అలా సాగి ఆగింది. బదులు కోసం ఆగినట్టు ఆగింది.

నా పక్కనుంచి బదులు వచ్చింది.

"కొట్టినోళ్లదె... యీ ఇల్లూ..."

అత్తమ్మ! మా అత్తమ్మే! 'అదే' తప్ప ఇంకో మాట రాని అత్తమ్మ! ఒక్క అక్షరం తడబడలేదు. పాత గొంతు. గ్యాలరీలోంచి రోడ్డు దాకా వినిపించే గొంతు.

టక్... టక్.

"కప్పుకేమి... ఏస్తిరో..."

"కొండనే... ఏస్తిమీ..."

భయమా అంటే భయమే. కానీ ఆమెను లాక్కుని పరిగెత్తలేకపోయాను. ఎలా లాగుతాను చెప్పండి? ఇన్నాళ్లూ మాట కోసం అంగలార్చిన మనిషి పాడుతోంది. ఏదైనా కానీ, ఎవరైనా కానీ... ఇంకొక్కసారి అడగనీ అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

"ఎవలుంట... రిందులో..."

"అచ్చేటోళ్లుంటరూ... ఎనకచ్చేటోళ్లుంటరూ..."

గుమ్మం దగ్గర ఫోన్ వెలుగు పడింది. అంతే. చప్పుడు లేదు, గొంతు లేదు. నీటి చుక్క ఒక్కటే.

మా ఆయన ఉరికొచ్చాడు. "లలితా! లోపలెవలున్నరు?"

"ఎవలు లేరు."

"ఎవలు లేకుంటెట్ల? మెట్ల కాడికి ఇనబడ్డది. అమ్మ పాడుతున్నది, ఇంకొకలు అడుగుతున్నరు. మొగమనిషి గొంతు!"

సంతోష్ భావూ కూడా విన్నాడు. తెలుగు రాదు కాబట్టి మాటలు తెలియలేదట. మా చుట్టం ఎవరో కలిశాడనుకున్నాడట. వెలుగు మూలమూలకూ వేశాడు. ఖాళీ గది. గోడమీద గీతలు. నా చీర కొంగుమీద కొంచెం రాతిపొడి. అది గోడకు ఆనుకున్నప్పుడు అంటిందేమో... నాకు తెలియదు.

కాపలా ఆయన వెదురు కర్రలూ తాడూ పట్టుకుని వెనకే వచ్చాడు. మేం చెప్పింది విని తల ఊపాడు. "ఈ గుహల్లో మాట తిరిగి వినిపిస్తుంది బాయీ. మీ అత్తగారు పాడింది, గోడ తిరిగి పాడింది" అన్నాడు.

కావచ్చు. కానీ గోడ తిరిగి పాడితే తర్వాత పాడాలి కదా? ఇది ముందు పాడింది.

డోలీ కట్టి దింపారు. కిందికి వచ్చేదాకా అత్తమ్మ సన్నగా ఆ రాగమే తీస్తోంది. కారెక్కాం. ఘాట్ దిగాం. పన్వేల్ దీపాలు కనబడ్డాయి. అప్పుడు ముందు సీట్లోంచి...

"ల... లలితా."

నా పేరు. ఎన్ని నెలలైందో ఆ నోట నా పేరు విని.

"ఆ, అత్తమ్మా!"

కాసేపు వెతుక్కుంది. తర్వాత పాటలా సాగదీసి అంది. "ఆక... లైతుందీ..."

సంతోష్ భావూ కారు పక్కకు తీసి ఆపేశాడు. మా ఆయన దిగి, రోడ్డు పక్కన అటు తిరిగి నిలబడ్డాడు. భుజాలు ఊగుతున్నాయి. సంతోష్ భావూయే వెళ్లి వడాపావ్ తెచ్చాడు. నేను తినిపించబోతే నా చెయ్యి తోసేసి తనే తింది.

ఆ వారం మేడమ్‌కు చెప్పాం. గుహ సంగతి కాదు, పాట సంగతి. ఆమె ఆశ్చర్యపోలేదు. మాట పోయినవాళ్లకు ఒక్కోసారి పాట మిగులుతుందట. మెదడులో మాటదొక చోటు, పాటది ఇంకో చోటట. "ఆ దారినే పట్టుకోండి" అంది. పట్టుకున్నాం. ఇప్పుడు మా ఇంట్లో అన్నీ పాటలే. "నీళ్లియ్యవే..." అని రాగం. "ఫ్యానెయ్యవే..." అని రాగం. కొన్ని మాటలు రాగం లేకుండానే వస్తున్నాయి. తప్పులున్నాయి. టమాటాను మందుబిళ్ల అంటుంది, మా పాపను నా పేరుతో పిలుస్తుంది. అయినా సాయంత్రం గ్యాలరీలో కుర్చీ వేసుకుని కూర్చుంటే పక్కగదుల ఆడవాళ్లు చుట్టూ చేరుతున్నారు. గోడవైపు తిరిగి పడుకోవడం లేదు.

పాట ఎందుకొచ్చిందో మేడమ్ చెప్పింది. సరే. ఒప్పుకున్నాను. మరి అడిగింది ఎవరు?

చాలా రోజులు అడగలేదు. భయం. "మా నాయన" అంటుందేమో, అంటే నేనేం చెయ్యాలి అని. మొన్న తల దువ్వుతూ ధైర్యం చేశాను.

"అత్తమ్మా, ఆ దినం గుహల పాట ఎవలు అడిగిన్రు?"

నావైపు తిరిగింది. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"నువ్వే గదనే."

దువ్వెన నా చేతిలోనే ఆగిపోయింది. "నేనా? నాకా పాట రాదు అత్తమ్మా! నేను మరాఠీ బడిల చదివిన."

"నువ్వే. నా చెయ్యి... పట్టుకొని... అడిగినవ్." నవ్వింది. "మంచిగ... అడిగినవ్."

మా ఆయనేమో మగ గొంతు అంటాడు. సంతోష్ భావూ కూడా అంతే. నేను నోరు తెరవలేదని నాకు తెలుసు. తెలుసనే అనుకుంటున్నాను... కానీ ఆ చీకట్లో నా నోరు నాకు కనబడలేదు కదా.

వానలు తగ్గాక మళ్లీ తీసుకెళ్లమంటోంది. ఈసారి కుర్చీ వద్దట, మెట్లు తనే ఎక్కుతుందట. రోజూ చాల్ మెట్లు ఎక్కి దిగి కాళ్లకు అలవాటు చేసుకుంటోంది. వెళ్తాం. నాకు భయమే, అయినా వెళ్తాం. అదే గదిలో, అదే అరుగు మీద, ఆమె పక్కన కూర్చుంటాను. ఒక చెయ్యి ఆమె చేతిమీద వేస్తాను. రెండో చేత్తో నా నోరు గట్టిగా మూసుకుంటాను.

చూద్దాం... అప్పుడు ఎవరడుగుతారో.