కళ్ళు తెరవకముందే తెచ్చిన కుక్కపిల్ల

మా చిన్నప్పుడు... కుక్కపిల్లని ఎంచుకోవాలంటే చెవి పట్టుకుని పైకెత్తేవాళ్ళు. కుయ్యిమంటే పిరికిదని కింద పడేసేవాళ్ళు. కిక్కురుమనకుండా వేలాడితే రోషమున్న పిల్లని ఇంటికి తెచ్చుకునేవాళ్ళు.

మాది కొండపల్లి. ఆ రోజు మా బాబాయ్ అలాగే ఒక్కో పిల్లనీ చెవి పట్టి ఎత్తుతున్నాడు... నేను పక్కన నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నాను. మా ఇంటి వెనకే బొమ్మలు చేసే సుభద్రత్త వాళ్ళ పాక. దాని పక్కన చెక్కపొట్టు కుప్పలో రాణి ఈనింది. రాణి అంటే మా వీధి కుక్క. అత్త పెట్టే గంజన్నం తిని పెరిగింది.

పిల్లలింకా కళ్ళే తెరవలేదు. బాబాయ్‌కి కావలసిందీ అదే. "కళ్ళు తెరవగానే ముందు ఎవర్ని చూస్తే వాళ్ళకే విశ్వాసంగా ఉంటదే" అన్నాడు నాతో. మా వైపు అందరూ అదే నమ్మేవాళ్ళు. పాలు లేకపోతే అది బతుకుతుందా అని మాత్రం ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు.

సుభద్రత్త చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "ఒరేయ్ అబ్బాయ్, తల్లి చూసిందంటే చంపేస్తది. పాలు మానేదాకా ఆగలేవా?"

"అప్పటికి అది నీ కుక్క అయిపోద్ది అక్కా" అని నవ్వుతూ నోరెత్తని పిల్లని చంకలో పెట్టుకున్నాడు.

రాణి ఎటునుంచి వచ్చిందో మేమెవరం చూడలేదు. బాబాయ్ పిక్క పట్టేసింది... కండ ఊడి వచ్చింది. బాబాయ్ కేక పెట్టాడు గాని పిల్లని వదల్లేదు. రెండో చేత్తో పాక పక్కన పేర్చిన చెక్కల్లోంచి ఒక దుంగ లాగి దాని మూతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. పడింది, లేచింది, మళ్ళీ వచ్చింది. ఈసారి వెనక కాలి మీద కొట్టాడు. కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి మా దడి అవతల కూలబడింది.

బాబాయ్‌ని బొడ్డు చుట్టూ ఇంజక్షన్లకి తీసుకెళ్ళారు. పిల్లని గంప కింద పెట్టాం. అమ్మ నా ఉగ్గుగిన్నె వెతికి తీసి గేదె పాలు పోస్తే ఒక్క చుక్క మింగలేదు. చెవి పట్టి ఎత్తినప్పుడు ఏడవని పిల్ల... తెల్లవార్లూ ఏడ్చింది. అది ఏడ్చినప్పుడల్లా దడి అవతల నుంచి తల్లి మూలిగింది.

మర్నాడు ఆదివారం. చంపాలనుకున్న కుక్కకి పిచ్చిదని పేరు పెడితే చాలంటారు కదా... చర్చిలో ప్రార్థన అయ్యేసరికి ఆ పేరు వీధంతా పాకిపోయింది. సరిగ్గా అప్పుడే రాణి దడి చీల్చుకుని లోపలికొచ్చి, గంప పడదోసి, పిల్లని మెడ దగ్గర కరుచుకుని వీధిలోకి వెళ్ళింది.

ఎదురుగా చర్చి నుంచి వస్తున్న మగాళ్ళు. తెల్లచొక్కాల చేతులు మడిచి, దొరికిన కర్ర తీసుకున్నారు.

నోట్లో పిల్ల ఉంది... అందుకే అది ఎవర్నీ కరవలేదు. దెబ్బ పడినప్పుడల్లా వొంగిందే తప్ప నోరు తెరవలేదు. విరిగిన దవడతో ఎలా పట్టుకుందో నాకిప్పటికీ అర్థం కాదు. నడుం విరిగింది. ముందు కాళ్ళతో పాకింది. "పిచ్చిదైతే పిల్లని మోసుకెళ్తదంట్రా? మీకు కళ్ళు లేవా?" అని సుభద్రత్త గుండెలు బాదుకుంటూ అడ్డం పడితే ఆవిణ్ణి పక్కకి నెట్టేశారు. చివరి దెబ్బ తలమీద కొట్టింది మాకు ఆదివారం బడిలో పాటలు నేర్పే అంకుల్. ఆయన చొక్కా మీద నెత్తురు మరకలు పడ్డాయి. ఆ తర్వాత ఆయన ఏ పాట నేర్పినా నేను నోరు విప్పలేదు.

చచ్చిపోయిన దాని దవడ విడదీసి అత్త పిల్లని బయటికి తీసింది. బతికే ఉంది. పొట్టులో మిగిలిన పిల్లలు మాత్రం పాలు లేక ఒక్కొక్కటీ పోయాయి.

దీన్ని అత్త దూది ముంచి పాలు పట్టి సాకింది. అది కళ్ళు తెరిచే రోజు బాబాయ్ కుంటుకుంటూ వచ్చి చేతుల్లోకి తీసుకున్నాడు. అది లోకంలో మొదట చూసింది ఆయన మొహమే. అయితే ఏం లాభం... పెద్దదయ్యాక కూడా బాబాయ్ గొంతు వినపడితే మంచం కింద దూరి ఉచ్చ పోసుకునేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న మా అమ్మాయి కుక్కపిల్ల కావాలని మంకుపట్టు పడితే వన్ టౌన్‌లో ఒక దుకాణానికి తీసుకెళ్ళాను. బోనులో పళ్ళు కూడా రాని పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి. తల్లి ఏదండీ అని దుకాణం అతన్ని అడిగాను.

"తల్లితో మీకేం పని మేడమ్? ఇంత చిన్నప్పుడే తీసుకెళ్తే మీకే అలవాటైపోద్ది" అన్నాడు.

మా బాబాయ్ మాటే! ఒళ్ళు మండిపోయింది. తల్లిని చూపించలేనివాడు పిల్లని ఎందుకు అమ్ముతున్నావని దుకాణం అదిరిపోయేలా అరిచాను. ఆటోలో ఇంటిదాకా మా అమ్మాయి ఏడుస్తూనే ఉంది. ఏడవనిచ్చాను.

ఇప్పుడు పటమటలో తెలిసినవాళ్ళ ఇంట్లో మెట్ల కింద కుక్క ఈనితే, వారం వారం వెళ్తున్నాం. పిల్లలు పాలు మానాక, సూదులు వేయించాకే ఇస్తామన్నారు ఆ ఇంటావిడ. ఆ మాటకే ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది. మొదటిసారి తల్లి గుర్రుమంది. గేటు దగ్గరే కూర్చుని వచ్చేశాం. నిన్న మాత్రం దగ్గరికొచ్చి మా అమ్మాయి చెయ్యి నాకింది.

"ఇప్పుడు ఎత్తుకోవచ్చా అమ్మా?" అంది నా వైపు తిరిగి.

"నన్నెందుకు అడుగుతావు... దాని తల్లినడుగు" అన్నాను.

అప్పట్లో కర్రలుండేవి, ఇప్పుడు బోనులొచ్చాయి... మారింది అంతే. మీ ఇంట్లో పెరిగిన కుక్కపిల్ల తల్లిని మీలో ఎంతమంది చూశారు...? చూసుంటే, అది ఎలా ఉండేదో ఇక్కడ రాయండి.