ఊ కోసం వదిలిన ఖాళీ

మా అమ్మ మీద ఒట్టేసి చెప్తున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. మా కోట ఊళ్లో నన్నెరిగినవాళ్లు ఇది చదివి నవ్వుతారు. నేను రొయ్యల మేత అమ్ముకునేవాణ్ని. తడి సరుక్కి తీసినట్టు నా మాటకి సగం తరుగు తీసేస్తారు వాళ్లు.

దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. మా వైపు తిరిగే దయ్యాల్లో కొన్నిటిని పుట్టించిందే నేను.

కావలిలో సుగుణ అని ఒక టీచరమ్మ ఉంది. ఆస్పత్రుల్లో ఉండే పేదపిల్లల కోసం మాలాంటివాళ్ల చేత కథలు చదివించి, తను ఒకసారి విని, ఆ పిల్లల అమ్మల ఫోన్లకి పంపుతుంది. "ఎట్టాగూ అబద్ధాలు చెప్తావు గదన్నా, పిల్లోళ్లకన్నా చెప్పు, పుణ్యమొస్తుంది" అనింది. మధ్యాహ్నాలు షట్టర్ సగం దించి, మేత బస్తాల మధ్య కూర్చుని, సుగుణ ఇచ్చిన పుస్తకం చదివి ఫోన్లో రికార్డు చేసేవాణ్ని.

నెల్లూరు ఆస్పత్రిలో చెంగమ్మ అని పులికాట్ ఒడ్డు పాప ఉండేది. చేపలు పట్టేవాళ్ల బిడ్డ. కిడ్నీలు చెడిపోయినాయి. ఆ పాప వాళ్లమ్మ చేత నాకు కబురు పెట్టింది: "ఆ మామ ఊపిరాడకుండా చదివేస్తా ఉండాడు. నేను ఊ కొట్టేదెప్పుడు?"

సిగ్గేసింది. ఊ కొట్టకపోతే మా అమ్మ కథ అక్కడే ఆపేసేది. ఆ రోజు నుంచి వాక్యం వాక్యానికీ కాస్త ఖాళీ వదిలినాను.

పుస్తకంలో కథ చిన్నది. దారి తప్పిన ఎండ్రకాయ, అదే పీత, ఒకటి సముద్రానికి చేరుతుంది, అంతే. నేను చేరనిస్తానా? రొయ్యల గుంటలో పడేసినాను, ఐసు పెట్టెలో కూర్చోబెట్టినాను, కావలిలో రైలెక్కించినాను. "సముద్రం వచ్చిందా అమా?" అని పాప రోజూ అడిగేదంట. ఒకరోజు వాళ్లమ్మే ఫోన్ చేసింది. "పాపకి బాగలేదన్నా. ఆ ఎండ్రకాయని ఇంక తిప్పకుండా బిన్నా ఇంటికి చేర్చన్నా."

మర్నాడు చేర్చినాను. అల వచ్చి దాన్ని ఎత్తుకుపోయిందని చదివి, సుగుణకి పంపినాను.

సాయంత్రం సుగుణ ఫోన్ చేసింది. "పక్కన ఏ పిల్లని కూర్చోబెట్టుకున్నావన్నా? ఖాళీల్లో ఊ కొడతా ఉంది."

షాపులో నేను తప్ప ఎవరూ లేరు. మళ్లీ పెట్టుకుని విన్నాను. ప్రతి ఖాళీలోనూ సన్నగా, నీరసంగా, "ఊ". అల వచ్చినాక మాత్రం లేదు.

చెంగమ్మ ఆ రోజు తెల్లారే పోయిందని తర్వాత తెలిసింది. నేను చదివింది మధ్యాహ్నం. సుగుణ ఆ రికార్డు వాళ్లమ్మకి పంపలేదు.

ఇక ఇందులో నేను కల్పించిందేదో చెప్పేస్తాను. ఆ రోజు నేను ఎండ్రకాయని సముద్రానికి చేర్చలేదు. కథ మంచి ఊపులో ఉంది, ఇంకొక్క రోజే కదా అనుకున్నాను. అలకి ఇవతల, ఇసకలోనే ఆపేసి, "మిగతాది రేపు" అన్నాను.

ఆ మాట తర్వాత కూడా ఒక ఊ ఉంది. అదెట్టా వచ్చిందో ఈనాటికీ నాకు తెలీదు.

పాప పోయిందని తెలిసినాక ముగింపు చదివినాను, ఖాళీలు వదిలి మరీ. ఎన్నిసార్లు విన్నా వాటిల్లో ఫ్యాను చప్పుడే.