మౌనం మోయని లైను

మా అత్త ఎవరు మాట్లాడుతున్నా ఊఁ కొడుతుంది. ఎదురుగా కూర్చుని చెప్పినా కొడుతుంది, పక్క గదిలోంచి కేకేసి చెప్పినా కొడుతుంది. కూరలమ్మే ఆమె ధర చెప్పి, తక్కెడ సరిచేసుకోవడానికి కాస్త ఆగితే ఆ ఖాళీలో కూడా అత్త ఊఁ ఒకటి పడుతుంది. పొద్దున రేడియోలో వార్తలు చదివే ఆయనకు సైతం ఆమె ఊఁ కొట్టడం చూసి మా నాన్న, "ఆయనకు వినపడదు లేవే, పాపం చదువుకోనీ" అంటాడు. అత్త నవ్వదు. దానికీ ఊఁ అంటుంది.

ఆమె మొదట్నుంచీ ఇలా కాదు. అసలు ఆమె చేసే పనిలో ఊఁ అనడమే తప్పు.

అత్త టెలిఫోన్ ఆఫీసులో టెస్టు బల్ల దగ్గర పనిచేసేది. ఎవరి ఫోనైనా మూగబోతే ఆ లైను ఆమె దగ్గరికి వచ్చేది. హెడ్‌ఫోను తగిలించుకుని, ప్లగ్గు గుచ్చి, కళ్లు మూసుకుని వినేది. వినేటప్పుడు పెదవి కదపకూడదని ఆమెకు పని నేర్పిన పెద్దాయన చెప్పాడట. నీ ఊపిరి నీకు వినపడుతుంటే లైను ఏం వినపడుతుంది అనేవాడట. తడిసిన కేబులు చిటపటలాడుతుంది. వదులైన అతుకు గోరుతో గీకినట్టు గీరుతుంది. బాగున్న లైను సన్నగా హోరుమంటుంది, ఎక్కడో దూరాన గాలి వీస్తున్నట్టు. ఆ హోరు ఉంటే అవతలి మనిషి నోరు విప్పకపోయినా లైను బతికి ఉన్నట్టే. అది కూడా లేకపోతే తెగిపోయినట్టు. అటువంటి నిశ్శబ్దానికి ఆ గదిలో ఒకటే మాట ఉండేది. "చచ్చింది" అనేవారు. ఫలానా నంబరు చచ్చింది, మనిషిని పంపండి అని అత్త చెప్పగానే ఎవరో ఒకరు నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరేవారు. ఆఫీసులో ఆమెకు చెవమ్మ అని పేరు. చెవమ్మ సెలవు పెడితే ఊరంతటికీ చెవులు దిబ్బడ వేసినట్టేనని లైనుమన్లు వేళాకోళమాడేవారు.

మా బాబాయి అత్త కంటే బాగా చిన్న. నానమ్మ మంచాన పడ్డాక అతని ఆలనాపాలనా అత్తే చూసింది. అన్నం తినమంటే కథ చెబుతానని బేరం పెట్టే పిల్లాడట. తినాల్సినవాడే కథ చెప్పడమేమిటో ఎవరికీ అర్థమయ్యేది కాదు. అత్త ముద్ద పెడుతూ ఊఁ కొట్టాలి. కొట్టకపోతే రాక్షసుడు ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండిపోయేది, బాబాయి నోరు తెరిచేవాడు కాదు. పెద్దయ్యాక కూడా అతనిది అదే వాలకం. ఏదైనా ముఖ్యమైన సంగతి చెప్పాలంటే సగం చెప్పి ఆగేవాడు. అవతలి నుంచి ఊఁ వస్తేనే మిగతాది బయటికి వచ్చేది.

ఊళ్లోకి ఇంటర్నెట్ ఫోన్లు వచ్చిన కొత్తలో అత్త ఆఫీసువాళ్లు పట్టించుకోలేదు. నూతిలోంచి మాట్లాడినట్టుంది, నాలుగు నెలలు పోతే జనమే విసుక్కుని తిరిగొస్తారు అనుకున్నారు. ఆ కంపెనీ అరచేతి వెడల్పు డబ్బా ఒకటి ఇచ్చేది. దాన్ని ఇంటర్నెట్‌కు తగిలిస్తే ఎంత దూరమైనా దాదాపు ఊరికే మాట్లాడుకోవచ్చు. తిరిగి రావడం మాట అటుంచి, జనం పాత ఫోన్లు పట్టుకొచ్చి అప్పగించడం మొదలుపెట్టారు. మెట్ల కింద గదిలో ఆ ఫోన్లన్నీ ఒకదాని మీద ఒకటి గుట్టపడ్డాయి. అత్త బల్ల మీదికి ఫిర్యాదులు తగ్గాయి. మొదట్లో ఆ తగ్గడం చూసి ఆఫీసులో సంతోషించారట, లైన్లు బాగుపడ్డాయని. ఫిర్యాదు చేసే మనుషులే లేరని తెలియడానికి కొంతకాలం పట్టింది.

ఆ డబ్బాలు అమ్మే ఉద్యోగంలోనే బాబాయి చేరాడు. అప్పటికి ఏ పనిలోనూ నిలదొక్కుకోలేకపోయిన మనిషి, ఇందులో చేప నీళ్లలో పడ్డట్టు కుదురుకున్నాడు. కంపెనీవాళ్లు అతన్ని సరిగ్గా అత్త ఆఫీసు గేటు ముందు నిలబెట్టారు. ఫోను బాగా లేదని చెప్పుకోవడానికి వచ్చేవాళ్లను అతను మెట్లు ఎక్కకముందే పలకరించేవాడు. లోపల ఫిర్యాదు వినేది అక్క, బయట ఆ ఫిర్యాదును పట్టుకుపోయేది తమ్ముడు. ఆఫీసులో ఒకాయన, మీ ఇంట్లో భోజనానికి కూర్చుంటే ఒక విస్తరి గేటు బయట వేస్తారా చెవమ్మా అన్నాడట. ఆ మాట అత్తకు లోపల గుచ్చుకుంది.

మా ఇంట్లో అందరం కలిసిన ఒక మధ్యాహ్నం ఆమె అడిగేసింది.

"ఇన్నాళ్లూ మనకి అన్నం పెట్టిన గుమ్మం ముందే నిలబడి జనాన్ని తోలుకుపోతావేంరా?"

"మేం పోయేది కూడా మీ తీగ మీదేనక్కా. మీ కంపెనీకి అద్దె కడుతున్నాం" అన్నాడు బాబాయి, నవ్వుతూనే. "నువ్వు కూడా వచ్చెయ్. నీ చెవి మావాళ్లకు కావాలి."

"నా చెవి సంగతి నేను చూసుకుంటాగానీ, నీ మొహం మాత్రం నాకు చూపించకు."

తర్వాత ఏడాది పైగా ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే అత్త వీధి దాటేది. నాన్న మధ్యలో నలిగిపోయి, ఎవరికీ చెప్పకుండా తమ్ముడి దగ్గర ఒక డబ్బా కొని మా ముందు గదిలో పెట్టించాడు. అత్త దాన్ని ముట్టుకోను కూడా లేదు. ఫోను చేసుకోవాలంటే మేడ మీద తన వాటాలోకి వెళ్లి పాత ఫోనులోనే చేసుకునేది.

ఒక సాయంత్రం అత్త మా ఇంట్లో ఉండగా ఆ డబ్బా ఫోను మోగింది. నాన్న ఎత్తాడు. విని, ఒక చెయ్యి అడ్డం పెట్టి, "నీకేనమ్మా. వాడు. ఒక్కసారి మాట్లాడు" అన్నాడు. అత్త చాలాసేపు ఆ రిసీవరు వైపు చూసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది.

"అక్కా, నేను. నీకొక మాట చెప్పాలి" అన్నాడట బాబాయి. అని ఆగాడు.

అత్త వింది. ఇన్నేళ్ల అలవాటుకొద్దీ కళ్లు మూసుకుంది, పెదవి కదపలేదు. అవతల హోరు లేదు. ఊపిరి లేదు. గది చప్పుడు కూడా లేదు. అంత నున్నటి నిశ్శబ్దం ఆమె చెవికి ఒకటే చెప్పింది. ఆమె రిసీవరు పెట్టేసి నాన్నతో, "చచ్చింది. వీళ్ల లైన్లు ఇంతే" అంది.

లైను తెగితే చేసినవాడే మళ్లీ చెయ్యాలని వాళ్ల ఆఫీసులో ఒక పద్ధతి. ఇద్దరూ ఒకేసారి చేస్తే ఇద్దరికీ దొరకదు కదా. అత్త వంటింట్లోకి వెళ్లకుండా ఆ ఫోను పక్కనే కూర్చుంది. మళ్లీ మోగలేదు. మర్నాడు పొద్దున ఎవరింట్లోనో డబ్బా బాగుచేయడానికి బండి మీద వెళ్తూ బాబాయి లారీ కింద పడ్డాడు.

అత్త ఏడ్చింది, అందరిలాగే ఏడ్చింది. ఏడుస్తూ కూడా ఒక సంగతి పట్టుకుని నిలబడింది. వాడు తనంతట తానే ఫోను చేశాడు, లైను తెగిపోయింది, లేకపోతే మాట్లాడుకునేవాళ్లం. వచ్చినవాళ్లందరికీ ఇదే చెప్పేది. తప్పు లైనుది.

తర్వాత చాలా మారాయి. అత్త కంపెనీ ధరలు తగ్గించి చూసింది, ప్రకటనలు వేసి చూసింది. చివరికి తానే ఇంటర్నెట్ ఫోన్లలోకి దిగింది. ముందు ఉద్యోగుల ఇళ్లలోనే డబ్బాలు పెట్టారు, మేడ మీద అత్త పాత ఫోను కూడా పోయింది. టెస్టు గదిలో మిగిలినవాళ్లను కూర్చోబెట్టి కొత్త పని నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చింది. చాలా ఓపికగా చెప్పిందట. మాట ముక్కలవుతుంది, ఆ ముక్కలు వేటి దారిన అవి పోయి అవతల మళ్లీ కలుస్తాయి, ఒక్కోసారి దారిలో ఆలస్యమవుతుంది. ఇంత చవగ్గా ఎలా ఇవ్వగలుగుతున్నారని ఎవరో అడిగితే, మనిషి మాట్లాడనప్పుడు మేం ఏమీ పంపం, ఖాళీని మోయడం దండగ కదా అందట. ఆ చోట్లో ఇంకొకరి మాట పడుతుంది.

అత్త ఎప్పుడూ క్లాసులో నోరెత్తేది కాదు. ఆ రోజు చెయ్యి ఎత్తింది.

"మాట్లాడబోయి ఆగినవాడు ఉంటాడు కదమ్మా. అవతల ఫోను పట్టుకునే ఉంటాడు. వాడి సంగతి?"

"మిషనుకు అది కూడా ఖాళీయే మేడం. మొదట్లో వచ్చిన డబ్బాల్లో అయితే బొత్తిగా ఏమీ వినపడేది కాదు. లైను కట్టయిందనుకుని జనం పెట్టేసేవారు. అందుకే ఇప్పుడు మనమే సన్నగా గాలి చప్పుడు కలుపుతున్నాం, మనిషి ఉన్నట్టు అనిపించడానికి."

అత్త ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి ఇంటికి వచ్చేసింది. నాన్న ఒంట్లో బాగాలేదా అంటే తల అడ్డంగా ఊపింది. ముందు గదిలో ఆ డబ్బా ఎదుట కూర్చుని, వాడు ఉన్నాడేమో అన్నయ్యా అంది. నాన్నకు అర్థం కాలేదు. అప్పుడు విడమరిచి చెప్పింది. లైను బతికే ఉండి ఉండొచ్చు. వాడు ఆగింది ఊఁ కోసం. తను వింటూ కూర్చుంది. వాడి చెవిలోనూ ఏమీ లేదు, తన చెవిలోనూ ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో ఫోను పెట్టేసింది మాత్రం తను.

"అక్క మొహం మీద పెట్టేసిందనుకునే పోయాడా వాడు?" అంది.



ఆ రోజుల నుంచి మేడ మీద ఫోను మోగితే మాకు భయం వేసేది. అప్పుడప్పుడూ ఉత్త కాల్స్ వస్తుండేవి. ఎత్తితే అవతల ఎవరూ ఉండరు. ఫోన్లు ఇంత చవకయ్యాక సరుకు అమ్ముకునే కంపెనీల మిషన్లు ఒకేసారి బోలెడన్ని నంబర్లు తిప్పి వదిలేస్తాయని, ముందు ఎత్తినవాళ్లతో మాట్లాడి మిగతావాళ్లను గాలికి వదిలేస్తాయని అత్తకు తెలుసు, తన ఆఫీసు వ్యవహారమే కాబట్టి. తెలిసి కూడా పెట్టేయలేకపోయేది. కింద మాకు ఆమె గొంతు వినపడేది. "ఊఁ" అనేది. కాసేపాగి, "ఊఁ, చెప్పు" అనేది. ఇంకొంచెం ఆగి, "వింటున్నానురా" అనేది. ఒకసారి అవతల హఠాత్తుగా ఒకమ్మాయి పలికి, నమస్కారం మేడం, మీకు నీళ్ల ఫిల్టరు ఉందా అని అడిగిందట. ఉందమ్మా అని చెప్పి, ఆ పిల్ల చెప్పిందంతా చివరిదాకా ఊఁ కొడుతూ వింది. నాన్న మెట్ల మీద నిలబడి ఇదంతా విని, పైకి వెళ్లకుండా వెనక్కి దిగి వచ్చాడు.

అడగాల్సిన మనిషి ఒక్కతే ఉంది. బాబాయి భార్య, మా పిన్ని. ఊరికి ఆ చివర పుట్టింటివాళ్ల పక్కన ఉండేది. గొడవ నాటి నుంచీ ఆమెకు అత్త మీద కోపం. చావు ఇంట్లో కూడా మనసు విప్పి మాట్లాడలేదు. అత్త ఎన్నోసార్లు నంబరు సగం నొక్కి ఆపేసింది. చివరికి ఒక ఉదయం నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని చేసింది. క్షేమసమాచారాలయ్యాయి. అత్త ఇంక చుట్టూ తిప్పలేదు.

"ఆ రోజు నేను ఫోను పెట్టేశాక వాడు ఏమన్నాడమ్మా?"

అవతల ఆగింది. సన్నగా గాలి చప్పుడు, మనిషి ఉన్నట్టు.

"నవ్వారు వదినా" అంది పిన్ని. "అక్క లైను పోయిందనుకుని పెట్టేసుంటుంది, ఆ చెవి అలవాటు అది అన్నారు. రేపు నేనే వెళ్తాలే అన్నారు."

అత్త ఊఁ అంది. ఇంకేమీ అడగలేకపోయింది. ఫోను పెట్టేశాక నాన్న, చూశావా, వాడికి నీ మీద ఏమీ లేదు, ఇంక వదిలెయ్ అన్నాడు. సంతోషించాల్సిన మనిషి రిసీవరు మీద చెయ్యి తియ్యకుండా అలాగే ఉండిపోయింది.

"అది జవాబు చెప్పేముందు ఆగింది అన్నయ్యా" అంది. "మాట దారిలో ఆలస్యమైందా, అది ఆలోచించుకుందా?"

"నీకు తెలియదా? నీ చెవికి?"

"పాత లైనైతే తెలిసేది."

అబద్ధమైతే అది ఎంత దయగల అబద్ధమో అత్తకు తెలుసు. నిజమైతే ఆమె బతికి బయటపడినట్టే. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక చిన్న విరామం. అది తీగలో పుట్టిందో మనిషి గొంతులో పుట్టిందో చెప్పగలిగే హోరు ఇప్పుడు ఏ లైనులోనూ లేదు. ఎదురుగా కూర్చుని అడిగితే తెలిసిపోతుందని నాన్న అన్నాడు. తెలిసిపోతుంది, అంది అత్త.

ఆ తర్వాత ఆమె పిన్నికి మళ్లీ ఫోను చేయలేదు. ఆదివారం బస్సెక్కి వెళ్లింది. పిన్ని తలుపు తీసి, కాసేపు చూసి, లోపలికి రమ్మంది. ఇద్దరూ కూర్చుని బఠాణీలు ఒలిచారట. పిన్ని తన పక్కింటివాళ్ల తగాదా చెబితే అత్త ఊఁ కొట్టిందట.

ఇప్పుడు అత్త ప్రతి ఆదివారం పిన్ని ఇంటికి వెళ్లి సాయంత్రం దాకా ఉంటుంది. ఆ ప్రశ్న మాత్రం ఇంతవరకు మళ్లీ అడగలేదు.